ఒక్క కేబుల్ మీద రెండు తెరలు

డాకింగ్ స్టేషన్ కొనేవారు సాధారణంగా దాని వెనుకవైపు మానిటర్ల కోసం ఎన్ని పోర్టులు ఉన్నాయో లెక్కపెట్టి, రెండుంటే రెండు మానిటర్లు, మూడుంటే మూడు మానిటర్లు పనిచేస్తాయన్న నమ్మకంతో ఇంటికి తెచ్చుకుంటారు. తీరా తగిలించి చూస్తే ఒక మానిటర్ అసలు వెలగదు, లేదా రెండూ వెలిగినా రెండింటి మీదా ఒకే బొమ్మ కనిపిస్తుంది, లేదా అంతా సవ్యంగా ఉన్నట్టే ఉండి మౌస్ బాణం మాత్రం ఆగి ఆగి కదులుతుంది. నింద డాక్ మీద పడుతుంది గానీ చాలా సందర్భాల్లో దాని తప్పేమీ ఉండదు. బొమ్మను తయారుచేసేది లాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ చిప్. దాన్ని మోసుకొచ్చేవి టైప్-సి పోర్టు, కేబుల్. వచ్చినదాన్ని పంచిపెట్టడం వరకే డాక్ పని. ఎన్ని మానిటర్లు ఎంత స్పష్టతతో నడుస్తాయన్న లెక్కను లాప్‌టాప్ దగ్గర మొదలుపెట్టాలి.

డాకింగ్ స్టేషన్, వాడుకలో డాక్, బల్ల మీద స్థిరంగా ఉండిపోయే ఒక పెట్టె. మానిటర్లు, కీబోర్డు, మౌస్, ఇంటర్నెట్ తీగ అన్నీ దానికే తగిలించి ఉంటాయి. వస్తూ పోతూ ఉండే లాప్‌టాప్ ఒక్క కేబుల్‌తో వాటన్నిటినీ అందుకుంటుంది, ఛార్జింగ్ కూడా ఆ కేబుల్ గుండానే తీసుకుంటుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఆపిల్ సంస్థ 1992లో పవర్‌బుక్ డ్యువో అనే చిన్న లాప్‌టాప్‌తో పాటు డ్యువో డాక్‌ను విడుదల చేసింది. మూత మూసిన లాప్‌టాప్‌ను అందులోకి తోస్తే అది పూర్తిగా లోపలికి వెళ్లి కూర్చుని, పెద్ద మానిటర్ ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌గా పనిచేసేది. ఆ తరువాత చాలా ఏళ్ల పాటు కార్యాలయాల లాప్‌టాప్‌లకు అడుగుభాగంలో డాక్ కోసమే ఒక ప్రత్యేక కనెక్టర్ ఉండేది. ఒక కంపెనీ డాక్ మరో కంపెనీ లాప్‌టాప్‌కు పట్టేది కాదు. సొంత కంపెనీ కొత్త మోడల్‌కైనా పడుతుందన్న హామీ లేదు. 2014లో వెలువడిన యూఎస్‌బీ టైప్-సి కనెక్టర్ ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చింది గానీ, తీర్చే క్రమంలో మరో ఇబ్బందిని తెచ్చిపెట్టింది: ఇప్పుడు అన్ని పోర్టులూ చూడటానికి ఒకేలా ఉంటాయి, లోపల ఏ పోర్టు ఏ పని చేయగలదో మాత్రం బయటికి తెలియదు.

దుకాణాల్లో హబ్ అనే పేరుతో దొరికే అరచేతి వెడల్పు పరికరం కూడా దాదాపు ఇవే పనులు చేస్తుంది. స్థూలంగా చెప్పాలంటే, తనకంటూ కరెంటు అడాప్టర్ ఉన్నది డాక్, లాప్‌టాప్ ఇచ్చే కరెంటుతోనో లాప్‌టాప్ ఛార్జర్ నుంచి వచ్చే కరెంటుతోనో నడిచేది హబ్. అమ్మేవారు ఈ తేడాను పెద్దగా పాటించరు.

టైప్-సి కనెక్టర్‌లో వరుసకు 12 చొప్పున రెండు వరుసల్లో 24 పిన్నులు ఉంటాయి. వాటిలో అతివేగంగా సమాచారాన్ని మోయగలిగిన తీగల జతలు నాలుగే. ఒక్కో జతను ఒక లేన్ అంటారు. మామూలుగా ఇవి ఫైళ్లు, డేటా మోయడానికి ఉద్దేశించినవే అయినా, లాప్‌టాప్, డాక్ రెండింటికీ ఆ సౌకర్యం ఉన్నప్పుడు వాటిలో రెండింటినో నాలుగింటినో మానిటర్ సంకేతానికి అప్పగించవచ్చు. ఈ ఏర్పాటుకు డిస్‌ప్లేపోర్ట్ ఆల్టర్నేట్ మోడ్ అని పేరు. మానిటర్ల సాంకేతిక ప్రమాణాలను రూపొందించే వెసా అనే సంఘం దీన్ని 2014లోనే ప్రకటించింది. కేబుల్ తగిలిన క్షణంలోనే రెండు పరికరాలూ ఒక ప్రత్యేకమైన పిన్ను మీదుగా సంప్రదించుకుని, ఎవరు ఎవరికి కరెంటు ఇవ్వాలో, ఎన్ని లేన్లు బొమ్మకు కేటాయించాలో, ఎన్ని డేటాకు మిగల్చాలో తేల్చుకుంటాయి. నాలుగు లేన్లనూ బొమ్మకే ఇచ్చేస్తే మిగిలిన పరికరాలకు పాత యూఎస్‌బీ 2.0 వేగం మాత్రమే దక్కుతుంది, అప్పుడు డాక్‌కు తగిలించిన హార్డ్‌డిస్క్ నత్తనడక నడుస్తుంది. రెండే ఇస్తే హార్డ్‌డిస్క్ బాగుంటుంది గానీ మానిటర్లకు దారి ఇరుకవుతుంది. చవకైన డాక్‌లలో ఎక్కువభాగం ఈ రెండో పద్ధతినే పాటిస్తాయి.

ఆల్టర్నేట్ మోడ్ తప్పనిసరి నిబంధన కాదన్న సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. తక్కువ ధరల లాప్‌టాప్‌లలో డేటాకు, ఛార్జింగ్‌కు తప్ప బొమ్మకు పనికిరాని టైప్-సి పోర్టులు మామూలే. ఒకే లాప్‌టాప్‌లో రెండు టైప్-సి పోర్టులు ఉండి, వాటిలో ఒకటే మానిటర్‌కు పనికొచ్చే సందర్భాలూ ఉన్నాయి. పోర్టు పక్కన ఆంగ్ల అక్షరం ‘డి’ లోపల ‘పి’ ఇమిడినట్టుండే గుర్తు ఉంటే డిస్‌ప్లేపోర్ట్ ఉన్నట్టు, మెరుపు గుర్తు ఉంటే సాధారణంగా థండర్‌బోల్ట్ ఉన్నట్టు. గుర్తు లేనంత మాత్రాన సౌకర్యం లేదని తీర్మానించలేం గనుక, తయారీదారు ప్రకటించిన సాంకేతిక వివరాల పట్టికలో ఆ మోడల్ నంబరును వెతికి చూసుకోవడమే నమ్మదగిన మార్గం.

ఇక లేన్ల మీద ప్రవహించే సమాచారం ఎంతో లెక్కవేస్తే చాలా చిక్కుముడులు వాటంతట అవే విడిపోతాయి. తెర మీది బొమ్మ చిన్న చిన్న చుక్కల సముదాయం. ఒక్కో చుక్కను పిక్సెల్ అంటారు. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి, ఒక్కో చుక్క రంగును చెప్పడానికి 24 బిట్లు కావాలి, బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతూ ఉండాలి. ఈ సంఖ్యలన్నీ గుణిస్తే సెకనుకు సుమారు 3 గిగాబిట్లు వస్తుంది, గీతల మధ్య విరామాలను కూడా కలుపుకుంటే 3.3 దాకా అవుతుంది. 2560 అడ్డం, 1440 నిలువు చుక్కలుండే మానిటర్‌కు ఇదే లెక్కన దాదాపు 5.8 గిగాబిట్లు, 4కె మానిటర్‌కు దాదాపు 12.5 గిగాబిట్లు కావాలి. 4కె అంటే ఫుల్ హెచ్‌డీకి రెండింతలని అనుకునేవారు ఎక్కువ గానీ, అడ్డం, నిలువు రెండూ రెట్టింపైనందువల్ల చుక్కలు నాలుగింతలవుతాయి, దారి కూడా ఆ మేరకు వెడల్పు కావాలి.

దారి వెడల్పు డిస్‌ప్లేపోర్ట్ తరాన్ని బట్టి ఉంటుంది. 1.2 తరంలో ఒక్కో లేన్ మీద 5.4, 2016లో వచ్చిన 1.4 తరంలో 8.1 గిగాబిట్లు పోతాయి. అందులో అయిదో వంతు సంకేతాల కూర్పుకే ఖర్చవుతుంది. అంటే 1.2 తరపు లాప్‌టాప్ రెండు లేన్లను మానిటర్లకు ఇస్తే చేతికి దక్కేది 8.64 గిగాబిట్లు. రెండు ఫుల్ హెచ్‌డీ మానిటర్లు అందులో సులువుగా ఇముడుతాయి. ఒకటి ఫుల్ హెచ్‌డీ, మరొకటి 1440 చుక్కలది అయితే 9.1 కావాలి గనుక ఇమడవు. ఒక్క 4కె మానిటర్ పెట్టినా ఇమడదు, అప్పుడు కంప్యూటర్ దాన్ని సెకనుకు 60 సార్లకు బదులు 30 సార్లు మాత్రమే మారుస్తుంది. మౌస్ బాణం ఆగి ఆగి కదలడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. 1.4 తరంలో రెండు లేన్ల మీద 12.96 గిగాబిట్లు దక్కుతాయి గనుక ఒక 4కె మానిటర్ 60 హెర్ట్జ్ దగ్గర బొటాబొటీగా సరిపోతుంది, నాలుగు లేన్లూ ఇస్తే రెండు 4కె మానిటర్లు అంతే బొటాబొటీగా సరిపోతాయి. హెర్ట్జ్ అంటే సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో చెప్పే కొలత. 1.4 తరం నుంచి బొమ్మను కంటికి తేడా తెలియనంతగా కుదించి పంపే డీఎస్‌సీ అనే పద్ధతి కూడా అందుబాటులోకి వచ్చింది. గ్రాఫిక్స్ చిప్‌కు కుదించడమూ, డాక్‌కు విప్పడమూ వచ్చి ఉంటే ఇరుకు దారిలోనే ఎక్కువ తెరలు పడతాయి.

ఒక దారిలో వచ్చిన సంకేతం రెండు మానిటర్లకు వేరువేరుగా ఎలా చేరుతుందన్నది తరువాతి ప్రశ్న. డిస్‌ప్లేపోర్ట్ 1.2 తరంతో వచ్చిన మల్టీ స్ట్రీమ్ ట్రాన్స్‌పోర్ట్, సంక్షిప్తంగా ఎంఎస్‌టీ, దీనికి సమాధానం. గ్రాఫిక్స్ చిప్ ఒక్కో మానిటర్ బొమ్మను ఒక్కో ధారగా తయారుచేసి, ధారలన్నిటినీ కాలపు ముక్కలుగా కలిపి ఒకే కేబుల్ మీద పంపుతుంది. డాక్‌లోని ఎంఎస్‌టీ చిప్ వాటిని విడదీసి ఎవరి వాటా వారికి అందిస్తుంది. కాలువకు ఎన్ని తూములు పెట్టినా పై నుంచి వదిలిన నీరు పెరగనట్టే, డాక్ వెనుక పోర్టులు పెరిగినంత మాత్రాన గిగాబిట్లు పెరగవు. ముందు తగిలించిన మానిటర్లు తమ వాటా లాగేసుకుంటే మూడోది పూర్తి స్పష్టతను అందుకోలేకపోవచ్చు, అసలు వెలగకనూ పోవచ్చు.

ఈ పద్ధతిని విండోస్, లినక్స్ అంగీకరిస్తాయి. ఆపిల్ మాక్ఓఎస్ మాత్రం ఎంఎస్‌టీ డాక్ ద్వారా తెరను విస్తరించనివ్వదు. విండోస్ లాప్‌టాప్‌తో రెండు వేర్వేరు తెరలు చూపిన డాక్, మాక్‌బుక్‌కు తగిలించగానే రెండు మానిటర్ల మీదా ఒకే బొమ్మను చూపడానికి కారణం ఇదే. యంత్రంలో అడ్డంకేదీ కనబడనప్పుడు, అదే తీగ మీద మరో వ్యవస్థ సునాయాసంగా చేస్తున్న పనిని ఇన్నేళ్లుగా పక్కన పెట్టడానికి ఆ సంస్థ దగ్గర వాడుకరికి నచ్చజెప్పగల కారణం ఉంటుందని అనుకోవడం కష్టం.

మాక్ వాడేవారికి మిగిలిన రాజమార్గం థండర్‌బోల్ట్. ఇంటెల్ సంస్థ ఆపిల్‌తో కలిసి 2011లో మార్కెట్లోకి తెచ్చిన ఈ పద్ధతి, 2015లో వచ్చిన మూడో తరంతో టైప్-సి ఆకారాన్ని స్వీకరించి సెకనుకు 40 గిగాబిట్ల వేగాన్ని అందుకుంది. ఇందులో డిస్‌ప్లేపోర్ట్ సంకేతాలూ, కంప్యూటర్ లోపలి భాగాలను కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ సమాచారమూ ఒకే కేబుల్‌లో పొట్లాలుగా ప్రయాణిస్తాయి. రెండు డిస్‌ప్లేపోర్ట్ ధారలు విడివిడిగా పోగలవు గనుక ఎంఎస్‌టీ అవసరం లేకుండానే రెండు తెరలు వేరువేరుగా పనిచేస్తాయి. 2020లో ప్రకటించిన నాలుగో తరం వేగాన్ని పెంచలేదు గానీ కనీస హామీలను కఠినం చేసింది: ఆ ముద్ర ఉన్న పీసీ రెండు 4కె మానిటర్లనైనా, ఒక 8కె మానిటర్‌నైనా నడపగలిగి తీరాలి. 2023లో ప్రకటించిన అయిదో తరం 80 గిగాబిట్లకు చేరింది, బొమ్మల భారం ఎక్కువైనప్పుడు ఒక దిశలో 120 దాకా పోగలదు. థండర్‌బోల్ట్ డాక్‌ల ధరలు సాధారణ డాక్‌ల కంటే చాలా ఎక్కువ. రెండు ఫుల్ హెచ్‌డీ మానిటర్లతో సరిపెట్టుకునే విండోస్ వాడుకరికి ఆ ఖర్చు దండగే.

దారి ఎంత విశాలమైనా, బొమ్మలు పుట్టేచోటే పరిమితి ఉంటే ఎవరూ చేయగలిగింది లేదు. ఒక గ్రాఫిక్స్ చిప్ ఏకకాలంలో ఎన్ని వేర్వేరు తెరలకు బొమ్మలు తయారుచేయగలదన్నది దాని నిర్మాణంలోనే స్థిరపడి ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో అంతర్భాగంగా వచ్చే గ్రాఫిక్స్ 2012 నాటి ఐవీ బ్రిడ్జ్ తరంతో మూడు తెరలకు, 2020 నాటి టైగర్ లేక్ తరంతో నాలుగు తెరలకు చేరింది. లాప్‌టాప్ సొంత తెర కూడా ఈ లెక్కలోదే. 2020 చివర వచ్చిన ఆపిల్ ఎం1 మాక్‌బుక్‌లు బయట ఒక్క మానిటర్‌నే అంగీకరించాయి, మాక్‌బుక్ ఎయిర్‌లో ఎం2 తరం కూడా అంతే. ఎం3 మాక్‌బుక్ ఎయిర్ మూత మూస్తే రెండింటిని ఒప్పుకుంది, ఎం4 ఎయిర్‌తో మూత తెరిచి ఉన్నా రెండు బయటి మానిటర్లు నడుస్తున్నాయి. ఎంత ఖరీదైన థండర్‌బోల్ట్ డాక్ కొన్నా ఎం1 మాక్‌బుక్ ఎయిర్ పరిమితి మారదు.

ఆ పరిమితిని మరో దారిలో తప్పించుకునే ఉపాయం డిస్‌ప్లేలింక్. ఇందులో బొమ్మ డిస్‌ప్లేపోర్ట్ లేన్ల మీదుగా రాదు. లాప్‌టాప్‌లో స్థాపించిన ఒక డ్రైవర్, అంటే పరికరానికీ కంప్యూటర్‌కూ మధ్య దుబాసీగా పనిచేసే సాఫ్ట్‌వేర్, తెర మీద కనిపించాల్సిన బొమ్మను ప్రాసెసర్ సాయంతో కుదించి, మామూలు ఫైలును పంపినట్టే యూఎస్‌బీ డేటాగా డాక్‌కు పంపుతుంది; డాక్‌లోని చిప్ దాన్ని విప్పి మానిటర్‌కు అందిస్తుంది. బొమ్మ డేటా రూపంలో ప్రయాణిస్తుంది గనుక ఆల్టర్నేట్ మోడ్ లేని టైప్-సి పోర్టు నుంచి, ఆఖరికి పాత దీర్ఘచతురస్రాకారపు యూఎస్‌బీ 3.0 పోర్టు నుంచి కూడా రెండు, మూడు మానిటర్లను నడపవచ్చు. ఎం1 మాక్‌బుక్ వాడేవారు రెండో మానిటర్‌ను చూసుకున్నది ఎక్కువగా ఈ దారిలోనే. ఈ సాంకేతికతను అభివృద్ధి చేసిన కంపెనీని 2020లో సినాప్టిక్స్ కొనుగోలు చేసింది.

ఈ ఉపాయానికి మూల్యం ఉంది. కుదించే పని ప్రాసెసర్ మీద పడుతుంది గనుక లాప్‌టాప్ కొంత వేడెక్కుతుంది. పత్రాలు, పట్టికలు, ఈమెయిళ్ల వంటి నిశ్చలమైన తెరలకు ఇబ్బంది ఉండదు గానీ వేగంగా కదిలే ఆటలకూ, రంగుల కచ్చితత్వం కావాల్సిన వీడియో ఎడిటింగ్‌కూ ఇది తగినది కాదు. మాక్‌లో డ్రైవర్‌కు స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వాల్సి ఉంటుంది, దానివల్ల నకలు రక్షణ ఉన్న సినిమాలు కొన్ని ఓటీటీ వేదికల్లో నల్లటి తెరగానే మిగిలిపోవచ్చు. కార్యాలయం ఇచ్చిన లాప్‌టాప్‌లో ఉద్యోగి స్వయంగా సాఫ్ట్‌వేర్ స్థాపించుకునే వీలు లేకపోతే డాక్ తెచ్చుకున్నా ఐటీ విభాగం అనుమతి కోసం ఆగాల్సిందే. కరోనా కాలంలో ఇంటి నుంచి పనికి అలవాటుపడి, హైదరాబాద్ కార్యాలయాల లాప్‌టాప్‌లతో సొంత ఊళ్లలో పనిచేసుకున్నవారిలో ఎందరికో ఈ విషయం అనుభవమే.

కేబుల్ గురించి ఒక మాట. ఫోన్‌తో పాటు వచ్చే టైప్-సి కేబుళ్లలో చాలావాటికి ఛార్జింగ్ తీగలు, యూఎస్‌బీ 2.0 తీగలు తప్ప వేగవంతమైన లేన్లు ఉండవు. డాక్‌కు ఆ కేబుల్ తగిలిస్తే లాప్‌టాప్ ఛార్జ్ అవుతుంది, మౌస్ కదులుతుంది, మానిటర్లు మాత్రం వెలగవు. డాక్‌తో వచ్చిన కేబుల్‌ను దానికే వాడటం మంచిది. డాక్ నుంచి మానిటర్‌కు వెళ్లే కేబుల్‌లోనూ దిశ ముఖ్యం: డాక్‌లోని డిస్‌ప్లేపోర్ట్ నుంచి మానిటర్‌లోని హెచ్‌డీఎంఐకి సంకేతం మార్చే అడాప్టర్లు చవకగా దొరుకుతాయి, అవే అడాప్టర్లు హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు వెనక్కి పనిచేయవు. డాక్‌లోని హెచ్‌డీఎంఐ పాత 1.4 తరానిదైతే 4కె బొమ్మ అక్కడే 30 హెర్ట్జ్‌కు పడిపోతుంది, వెనుక దారి ఎంత వెడల్పున్నా లాభం లేదు.

అన్నీ సరిగా అమరిన తరువాత మిగిలేది తెరల అమరిక. విండోస్‌లో విండోస్ కీతో పాటు పి నొక్కితే, అన్ని తెరల మీదా ఒకే బొమ్మ చూపే డూప్లికేట్, తెరలను కలిపి ఒకే విశాలమైన బల్లగా మార్చే ఎక్స్‌టెండ్ అనే వాటిలో కావలసినది ఎంచుకోవచ్చు; మానిటర్ పాడైందని దుకాణానికి తీసుకెళ్లబోయే ముందు ఈ ఎంపిక డూప్లికేట్‌లో ఉందేమో చూసుకోవడం ఉత్తమం. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో తెరలు అంకెలు వేసిన దీర్ఘచతురస్రాలుగా కనిపిస్తాయి, వాటిని బల్ల మీద మానిటర్లు ఉన్న వరుసలోకి జరిపితే మౌస్ బాణం ఒక తెర అంచు నుంచి పక్క తెరలోకి సహజంగా సాగుతుంది. 4కె మానిటర్ పక్కన ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఉన్నప్పుడు అక్షరాల పరిమాణం రెండింటిలో వేర్వేరుగా కనిపిస్తుంది. స్కేల్ అనే చోట 4కె తెరకు 150 శాతం దరిదాపుల్లో పెడితే చూపుకు శ్రమ తగ్గుతుంది.

మానిటర్ తన స్పష్టత, హెర్ట్జ్ ఎంతెంతో ఈడీఐడీ అనే చిన్న సమాచార ఖండం ద్వారా కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది. డాక్ మధ్యలో ఉన్నప్పుడు ఈ సమాచారం సరిగా అందకపోతే మంచి మానిటర్ కూడా మసకగా, తక్కువ స్పష్టతతో వెలుగుతుంది. డాక్ కరెంటు తీసి ఒక నిమిషం ఆగి, ముందు మానిటర్లు, తరువాత డాక్, చివరికి లాప్‌టాప్ కలపడంతో ఈ పొరపాటు చాలావరకు సర్దుకుంటుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్, అంటే డాక్ లోపలి చిప్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ కొత్త రూపు, వేసుకోవాలి.

కరెంటు లెక్క కూడా కొనేముందే చూసుకోవాలి. టైప్-సి మీద పవర్ డెలివరీ పద్ధతిలో చాలాకాలం 100 వాట్లే గరిష్ఠ పరిమితి, 2021లో అది 240 వాట్లకు పెరిగింది; సాధారణ డాక్‌లు లాప్‌టాప్‌కు 60 నుంచి 100 వాట్ల దాకా ఇస్తాయి. సన్నని లాప్‌టాప్‌కు అది చాలు, ఆటల కోసం తయారైన బరువైన లాప్‌టాప్‌కు చాలదు గనుక దాని సొంత ఛార్జర్ కూడా తగిలించే ఉంచాలి, లేకుంటే డాక్ మీద ఉండగానే బ్యాటరీ తరిగిపోతుంది. ఇంట్లో కరెంటు కోత ఉన్నప్పుడు లాప్‌టాప్ తన బ్యాటరీతో నిలుస్తుంది గానీ, ఇన్వర్టర్ లైనులో లేని ప్లగ్గుకు పెట్టిన డాక్ వెంటనే ఆగిపోయి, దాని మీదుగా వచ్చే మానిటర్లూ ఇంటర్నెట్టూ ఒకేసారి పోతాయి, తెరిచి ఉన్న కిటికీలన్నీ లాప్‌టాప్ చిన్న తెర మీదికి కుప్పగా వచ్చిపడతాయి. మానిటర్ కనెక్షన్‌ను బట్టి కిటికీల స్థానాలను గుర్తుంచుకునే ఎంపిక విండోస్ 11లో ఉంది, దాన్ని పెట్టుకుంటే కరెంటు తిరిగి రాగానే అవి తమ చోట్లకు వెళతాయి. 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ ఒక్కోటి సుమారు 20 వాట్లే తీసుకుంటుంది గనుక డాక్‌నూ, రెండు మానిటర్లనూ, రౌటర్‌నూ కలిపి ఒకే ఇన్వర్టర్ ప్లగ్గుకు పెట్టినా అది మోయలేని భారమేమీ కాదు.